కొండకు సెంట్రింగ్ పెట్టిన రోజు

నేను కొంతకాలం ఒక రైల్వేలో పనిచేశాను. ఆ రైల్వే మొత్తం దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఇంటి మేడ మీద, రేకుల కప్పున్న ఒక్క గదిలో ఉండేది. జీతం టీ రూపంలో ముట్టేది. ప్రమోషన్లు లేవు. బదిలీ అడిగితే నవ్వేవాళ్ళు.

గది అంకుల్‌ది. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. తెనాలి దగ్గరి పల్లె నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. ఆంటీ బట్టలు ఆరేసుకునే గదిని బతిమాలి తీసుకుని, అరచేతిలో పట్టే ఇంజన్లతో, అగ్గిపెట్టెలను తలపించే పెట్టెలతో అందులో రైల్వే లైను వేయడం మొదలుపెట్టారు. బొమ్మ రైలు అంటే ఆయనకు కోపం. "బొమ్మ కాదోయ్, మోడల్" అని సరిదిద్దేవారు. ఆంటీ మాత్రం దాన్ని బొమ్మల కొలువు అనే పిలిచేది. "బొమ్మల కొలువైతే పండగయ్యాక అటకెక్కిస్తారు, అదొక్కటే తేడా" అనేది.

గది మధ్యలో నలుచదరంగా ఒక పెద్ద బల్ల. ఆ బల్లకు మధ్యలో ఒక మనిషి నిలబడేంత ఖాళీ. పట్టాలు ఆ ఖాళీ చుట్టూ తిరుగుతాయి. బయట నిలబడి చెయ్యి చాపితే సగం బల్ల దాకానే అందుతుంది. లోపలి సగంలో ఏ పెట్టె పడిపోయినా, ఏ తీగ ఊడినా, ఎవరో ఒకరు బల్ల కింద పాకి వెళ్ళి ఆ ఖాళీలో లేచి నిలబడాలి. దాన్ని మేము గుంట అనేవాళ్ళం. అంకుల్‌కు మోకాళ్ళు వంగవు. మేడం చీర కట్టుకుంటుంది. మేస్త్రి అన్నకు పొట్ట అడ్డం. మిగిలింది నేను. నా బక్కతనం చూసి మా అమ్మ ఏళ్ళుగా బెంగపెట్టుకుంది. రైల్వేలో మాత్రం అదే నా అర్హత.

మేడం అంటే కోచింగ్ సెంటర్‌లో నాకు అర్థమెటిక్ చెప్పిన టీచర్. రెండు రైళ్ళు ఎదురెదురుగా వస్తున్నాయి, ఎంతసేపట్లో దాటుకుంటాయి అనే లెక్కను బోర్డు మీద చెప్పీ చెప్పీ, ఒక్కసారైనా అవి నిజంగా దాటుకుంటే చూడాలని ఆమె కోరిక. వైరింగూ సిగ్నళ్ళూ ఆమె శాఖ. మేస్త్రి అన్నది నల్లగొండ జిల్లా. తుర్కయంజాల్ వైపు ఇళ్ళు కట్టిస్తుంటాడు. అంకుల్ వాళ్ళ మేడ కారుతోందంటే బాగుచేయడానికి వచ్చి, గదిలో రైలు తిరుగుతుంటే చూసి, వచ్చిన పని మర్చిపోయాడు. మేడ ఇప్పటికీ కారుతోంది. మేస్త్రి అన్న ఇప్పటికీ వస్తున్నాడు.

నా సంగతి ఇంకా మామూలు. ఎల్బీనగర్‌లో రెండు గదుల కిరాయి ఇల్లు. నాన్న ప్రైవేటు బస్సు డ్రైవరు. డిగ్రీ అయ్యాక సర్కారు నౌకరీ కోసం దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్‌కు చేరాను. చేరినవాణ్ణి బయటికి రాలేదు. పొద్దున ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కడం, దిల్‌సుఖ్‌నగర్‌లో దిగడం, స్టడీ హాల్లో రెండు చెక్కల మధ్య కూర్చోవడం, రాత్రికి మళ్ళీ మెట్రో. పరీక్ష వాయిదా పడేది. వాయిదా పడిన పరీక్ష కోర్టుకు పోయేది. నాతోపాటు చేరినవాళ్ళకు పెళ్ళిళ్ళయి, పిల్లలు పుట్టి, ఆ పిల్లలు బడికి పోతున్నారు. నేను మాత్రం అదే పుస్తకం కొత్త ఎడిషన్ చదువుతున్నాను. ఒకరోజు మేడం నా ముఖం చూసి, "రా, గంటసేపు మనసు మళ్ళుతది" అని అంకుల్ గదికి తీసుకుపోయింది. అక్కడ ఒక రైలు గుండ్రంగా తిరుగుతోంది. ఎక్కడికీ పోవడం లేదు. నాకు వెంటనే సొంత ఇంటికి వచ్చినట్టు అనిపించింది.

పైగా ఆ బల్ల కాళ్ళన్నీ మూతపడిన ఒక కోచింగ్ సెంటర్ నుంచి తెచ్చిన పాత బెంచీలు. వాటి అడుగున పాకుతుంటే, విద్యార్థులు బాల్ పెన్నుతో చెక్కిన రాతలు కనబడేవి. ప్రేమ గుర్తులు, క్రికెట్ స్కోర్లు, 'ఈసారి పక్కా' అన్న ప్రతిజ్ఞలు. ఇన్నేళ్ళు బెంచీల మీద కూర్చున్నవాణ్ణి ఇప్పుడు వాటి కిందికి వచ్చాను. మా ఇంట్లో దీన్ని ప్రగతి అనలేదు.

లైను ఎక్కడి నుంచి ఎక్కడికి పోవాలన్న దాని మీద పెద్ద పంచాయితీ నడిచింది. అంకుల్‌కు తన ఊరి స్టేషను కావాలి. అరటితోటల మధ్య పెంకుల వసారా, సిమెంటు బెంచీ, ప్లాట్‌ఫారం మీద చిన్న దీపాలు. మేస్త్రి అన్నకు తన వైపు గుట్టలు కావాలి, గుండు మీద గుండు నిలబడ్డ గుట్టలు. చివరికి బల్లకు ఒక వైపు తెనాలి, ఎదురు వైపు నల్లగొండ అని రాజీ కుదిరింది. బండి అరటితోటలో బయల్దేరి, ఒక వంపు తిరిగేసరికి నల్లగొండలో ఉంటుంది. మధ్యలో కృష్ణానది పెడదామా అని అడిగాను. "ముందు మేడ కారేది ఆపమను, నది అదే వస్తుంది" అంది ఆంటీ.

అంకుల్ తన స్టేషనుకు ఒక వేసవి, ఒక వానాకాలం, ఒక చలికాలం ఖర్చుపెట్టారు. పెంకులను అట్టముక్కలతో ఒక్కొక్కటి కత్తిరించారు. కరెంటు స్తంభాలు చీపురుపుల్లలు. ప్లాట్‌ఫారం మీద గోరంత మనుషులు. వాళ్ళలో గొడుగు పట్టుకున్న ఒకాయన వాళ్ళ నాన్నగారట. ఆ సంగతి చెప్పి ఆయన గొడుగు అంచును గోటితో సరిచేశారు. నేను "గొడుగు మూయమనండి అంకుల్, రేకుల కింద ఎండ ఎక్కడిది" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన కూడా.

నా కష్టమంతా అక్కడే ఉంది. ఎవరి గొంతు కొంచెం బరువెక్కినా నా నోరు దానంతటదే ఒక సూది పట్టుకుని బయల్దేరుతుంది. గుంటలోకి దూరమన్నప్పుడల్లా తప్పించుకోవడానికి రకరకాల వార్తలు చెప్పేవాణ్ణి. ఒకసారి నాకు నౌకాదళంలో ఉద్యోగం వచ్చిందన్నాను. ఇంకోసారి మా నాన్న నన్ను ఇల్లరికం పంపుతున్నాడన్నాను. వాళ్ళు నవ్వి, "సరే, పోయే ముందు ఆ పెట్టె పట్టాలెక్కించి పో" అనేవాళ్ళు.

అట్లాంటి రోజుల్లో నాకు నిజంగా ఉద్యోగం వచ్చింది. ఆసిఫాబాద్ వైపు ఒక ప్రభుత్వ ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్. సోమవారం పొద్దున ఆఫీసు తెరిచే వేళకు సర్టిఫికెట్లతో హాజరు కావాలి, అదే ఆఖరి రోజు, రాకపోతే పోస్టు వెనకున్నవాడికి పోతుంది. మా అమ్మ ఆ కబురు విని వీధిలో ప్రతి గుమ్మం ముందూ ఏడ్చింది. నేను మా రైల్వే వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మేస్త్రి అన్న నవ్వే బొమ్మలు వరసగా పంపాడు. మేడం, "పోయినసారి నేవీ, ఈసారి రెవెన్యూనా?" అని అడిగింది. అంకుల్ మాత్రం సూటిగా రాశారు: "ఆదివారం నల్లగొండ వైపు కొండకు స్లాబు. నువ్వు లేకపోతే పని సాగదు. త్వరగా రా."

ఆదివారం రాత్రి తొమ్మిదింటికి సికింద్రాబాద్‌లో నా బండి. కొండ పని మధ్యాహ్నానికి అయిపోతుందనుకున్నాను. వాళ్ళకు ఎదురుగా నిలబడి చెబితే నమ్ముతారని కూడా అనుకున్నాను. అమ్మకు చెప్పి బ్యాగు సర్దించి, ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కాను.

మోడల్ రైల్వే వాళ్ళు ప్రపంచంలో ఎక్కడైనా కొండను థర్మకోల్‌తోనో పాత పేపర్లతోనో చేస్తారు. మేడం ఆ వీడియోలన్నీ చూపించింది. మేస్త్రి అన్న ఓపిగ్గా చూసి, "గా కొండ వానకు నిలుస్తదా మేడం?" అని అడిగాడు.

"గదిలోపల వాన ఎందుకు పడుతుందయ్యా?" అన్నారు అంకుల్.

అందరూ ఒకసారి కప్పు వైపు చూశారు. ఆ వాదన అక్కడితో ముగిసింది. కొండ సిమెంటుతోనే.

సిమెంటు అన్నాక అది ఇల్లు కిందే లెక్క. ముహూర్తం పెట్టించారు. పొద్దున బాగాలేదు, సాయంత్రం రాహుకాలం, మధ్యలో దొరికిన సందు రెండు గంటలకు. కొబ్బరికాయ కొట్టారు. స్లాబు పడే రోజు పనివాళ్ళకు మటన్ పెట్టడం మా వైపు రివాజు. మేస్త్రి అన్న క్యారియర్ నిండా వండించుకుని తెచ్చాడు. అంకుల్ ఇంట్లో మాంసం తినరు కనుక దాన్ని మేడ మెట్ల మీద కూర్చుని తిన్నాం. ఇనుప జాలీని గుట్ట ఆకారంలో వంచి, దాని కింద బల్ల కుంగకుండా సెంట్రింగ్ కర్రలు కొట్టాలి. బయటి నుంచి మేస్త్రి అన్న, లోపలి నుంచి జాలీ పట్టుకోవడానికి నేను. నేను పాకి గుంటలోకి పోయాను. ఫోను బయట చార్జింగ్‌లో పెట్టాను. గుంటలో దానికి సిమెంటు అంటుతుందని.

నిలబడ్డాక మొదట చెప్పిన మాట ఇదే. "అన్నా, జల్ది కానియ్యి. నాకు రాత్రి బండి ఉన్నది. రేపు నౌకరీల జాయినింగ్."

"ఔ మల్ల," అన్నాడు మేస్త్రి అన్న కర్ర కొడుతూ. "కలెక్టర్ సాబ్, గా జాలీ జర మీదికి లేపున్రి."

"కలెక్టర్ కాదు. జూనియర్ అసిస్టెంట్."

"అబద్ధమాడితే పెద్దదే ఆడాలె ర. జూనియర్ ఏంది?"

మేడం తీగలు చుడుతూ, "అది తెలివి అన్నా. చిన్న పోస్టు చెప్తే నమ్ముతరని" అంది.

నా ముఖం సీరియస్‌గా పెట్టడానికి ప్రయత్నించాను. అది నాకు చేతకాని విద్య. మూతి బిగిస్తే నవ్వు ఆపుకుంటున్నట్టు ఉంటుందని మా ఇంట్లో కూడా అంటారు.

సిమెంటు, ఇసుక మాలు కలిపారు. తట్టలు అందించారు. నేను లోపలి నుంచి పూశాను. రాళ్ళు పేర్చాం, గుండు మీద గుండు. పని బాగా కుదిరింది. కొండ చూస్తుంటే నల్లగొండ పోయే దారిలో బస్సు కిటికీలోంచి చూస్తున్నట్టే ఉంది. మేస్త్రి అన్న తాపీ కింద పెట్టి, నడుం మీద చెయ్యేసుకుని, మెడ అటు వంచి ఇటు వంచి చూసుకున్నాడు. "ఇగ మూడు వారాలు సెంట్రింగ్ ఎవరు ముట్టొద్దు. పొద్దుమాపు నీళ్ళు కొట్టాలె" అన్నాడు.

"మంచిది అన్నా. నేనెట్ల రావాలె?" అన్నాను.

మేస్త్రి అన్న వంగి బల్ల కిందికి చూశాడు. నేను పాకి వచ్చే దారి కొండ కిందే ఉంది. ఇప్పుడక్కడ కర్రలు, వాటికి అడ్డకర్రలు, వాటికి చీలలు. మిగతా మూడు వైపులా బెంచీల కాళ్ళకు ఊగకుండా ఎప్పుడో ఇనుప పట్టీలు కొట్టేశాం. ఆయన చాలాసేపు వంగే ఉన్నాడు. లేచి, "నువ్వు బయట ఉన్నవనుకున్న" అన్నాడు.

"మరి లోపలికెళ్ళి తట్ట అందుకున్నది ఎవరన్నా?"

"పనిల పడితే ఎవరి చెయ్యి ఎవరిదని చూస్తమా?"

ఎవరి తప్పూ కాదు. అంకుల్ ముహూర్తం చూసుకున్నారు, మేడం తీగలు చూసుకుంది, మేస్త్రి అన్న కొండను చూసుకున్నాడు. నేను నా బండి గురించి జోకులు వేసుకుంటూ కూర్చున్నాను. ఇంత అనుభవమున్న నలుగురు కలిసి ఒక మనిషిని గోడలో పెట్టి కట్టేశాం.

బల్ల మీది నుంచి దాటిపోదామా అని చూశాను. బెంచీల మీద పలచటి ప్లైవుడ్డు, దాని మీద అరటితోట, సిగ్నళ్ళు, స్తంభాలు. కాలు పెడితే తెనాలి నుంచి నల్లగొండ దాకా కూలిపోతుంది. "ఆగవోయ్, తొందరేముంది? రేపు పొద్దున చూద్దాం" అన్నారు అంకుల్ తీరిగ్గా.

"రేపు పొద్దున నేను ఆసిఫాబాద్‌ల ఉండాలె అంకుల్."

"ఉందువుగానిలే."

"నిజంగా."

"నిజంగానే ఉందువుగాని. ముందు టీ తాగు."

మేడం ఎక్కడికీ పోలేని నన్ను చూసి జాలిపడి, కొత్త ఏర్పాటు చేసింది. కొండ వైపు పట్టాలు తడిగా ఉన్నాయి. స్టేషను వైపు మాత్రం బండి ముందుకీ వెనక్కీ నడుస్తుంది. ఆంటీ వేసిన మిరపకాయ బజ్జీని ఒక ఖాళీ గూడ్సు పెట్టెలో పెట్టి నా వైపు నడిపించింది. బజ్జీ పెట్టెకన్నా పొడుగు. సిగ్నలు స్తంభాన్ని తాకి, దాన్ని పక్కకు వంచి, నా ముందుకు వచ్చి ఆగింది. మా లైను మీద జరిగిన మొదటి సరుకు రవాణా అదే. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను, అలవాటు కొద్దీ. బజ్జీ తిన్నాను. అప్పటికి కిటికీలో ఎండ పసుపు రంగుకు తిరిగింది.

అక్కడ నిలబడి ఉండగా ఒక సంగతి తోచింది. స్టడీ హాల్లో రెండు చెక్కల మధ్య కూర్చున్నప్పుడు నాకు ఇట్లాగే ఉండేది. చుట్టూ అందరూ ప్రేమగానే చూస్తారు. టీ ఇస్తారు. ఏదో ఒకరోజు వస్తదిలే అంటారు. ఎవరూ ఆ చెక్క మాత్రం తీయరు. ఇప్పుడు ఆ చెక్క బయటికి నిజంగా ఒక ఉద్యోగం వచ్చి నిలబడి ఉంది, నేను లోపల బజ్జీ తింటున్నాను. ఈ మాట అప్పుడే వాళ్ళకు చెప్పి ఉండాల్సింది. కానీ నోరు తెరిస్తే, "ఆంటీ, స్టేషన్ క్యాంటీన్‌ల ఉల్లిగడ్డ లేదా?" అని వచ్చింది.

"ఫోనియ్యండి ఆంటీ" అని అడిగాను, అందులో ఉద్యోగం ఆర్డరు చూపిద్దామని.

"ఇవ్వకు ఆంటీ. గుంటల కూసోని రీల్స్ చూస్తడు" అన్నాడు మేస్త్రి అన్న.

అప్పుడే ఫోను దానంతటదే మోగింది. ఆంటీ తీసింది. అవతల మా అమ్మ. మా అమ్మ ఫోనులో మాట్లాడితే స్పీకరు అవసరం లేదు.

"బిడ్డా, ఎక్కడున్నవ్ ర? ఇంకా ఇంటికి రాకపోతివి. బండి పోతది. నాయిన డ్యూటీకి సుట్టీ పెట్టి కూసున్నడు."

"నేను మీ అబ్బాయిని కాదండీ," అంది ఆంటీ. "మీవాడు మా మేడ మీద ఉన్నాడు. ఏ బండి?"

"ఏ బండేందమ్మా? ఆసిఫాబాద్ బండి. రేపు పొద్దుగాల జాయిన్ కాకుంటే నౌకరీ వేరేటోనికి పోతది. వానికి చెప్పలేదా? వాడు మీకు చెప్పిండన్నడు."

"చెప్పాడండీ," అంది ఆంటీ. ఆమె గొంతులో ఏ మార్పూ లేదు. "చెప్పాడు. పంపిస్తాం."

ఫోను పెట్టేసి గది వైపు తిరిగింది. "ఏవండీ, ఆ అబ్బాయి పొద్దుటి నుంచీ అంటున్నది నిజమేనట."

ఎవరూ నవ్వలేదు. నేను ఒక మాట అన్నాక ఎవరూ నవ్వకపోవడం ఆ గదిలో అదే మొదటిసారి. అంతకన్నా భయంగా అనిపించింది ఏదీ లేదు ఆ రోజు.

"నిజమా?" అంది మేడం నాతో. పాఠం చెప్పేటప్పటి గొంతు.

"నిజమే మేడం."

"మరి సరిగ్గ చెప్పొద్దా?"

"సరిగ్గనే చెప్పిన. మీరు సరిగ్గ నవ్విన్రు."

మేస్త్రి అన్న బల్ల కింద పడుకున్నాడు. చేత్తో ఒక్కొక్క కర్రనూ తట్టి చూశాడు. లేచి, చేతులు దులుపుకుని, ఎవరి ముఖమూ చూడకుండా చెప్పాడు. "సెంట్రింగ్ తీస్తే కొండ ఆగదు. మాలు పచ్చిది. అది కూలితే పిల్లగాడు కింద ఉంటడు. ఈ దిక్కు కాదు. పట్టీలు పీకినా బల్ల ఊగి అది కూలుతది. బల్ల ఎక్కడన్న కొయ్యాలె."

బల్ల ఎక్కడ కోయాలో అందరికీ తెలుసు. ఎడమ వైపు మేడం తీగలన్నీ ఒక జడలా పోతాయి. కుడి వైపు ఇనుప పట్టీ బల్లకు ఆనించే ఉంది. మిగిలింది కొండకు ఎదురుగా, బల్ల అన్నింటికన్నా సన్నగా ఉన్న చోటు. అంకుల్ స్టేషను. గొడుగు పట్టుకున్న ఆయన నిలబడిన చోటు.

అంకుల్ కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. "బండి ఎన్నింటికి?"

"తొమ్మిదింటికి అంకుల్."

"సికింద్రాబాదా, కాచిగూడా?"

"సికింద్రాబాద్."

"రిజర్వేషను ఉందా?"

"ఉంది. పై బెర్తు."

"పై బెర్తు మంచిదే," అన్నారాయన. ఎందుకు మంచిదో చెప్పలేదు. "రంపం ఇవ్వవయ్యా."

"నేను కోస్త సార్," అన్నాడు మేస్త్రి అన్న.

"నువ్వు కొండ దగ్గర ఉండు."

ఇది నేను ఊరుకోవాల్సిన సమయమని తెలుసు. తెలిసి కూడా నోరు ఆగలేదు. "అంకుల్, ముందు ప్యాసింజర్లను దించున్రి" అన్నాను.

ఆయన ఆగారు. నేను జోకు వేశాననుకోలేదు. వంగి, ప్లాట్‌ఫారం మీది గోరంత మనుషులను ఒక్కొక్కరినీ గోళ్ళతో ఊడదీసి, చొక్కా జేబులో వేసుకున్నారు. గొడుగాయన్ను చివర తీశారు. మేడం కరెంటు ఆపేసింది. ప్లాట్‌ఫారం దీపాలు ఆరిపోయాయి. ఆయన రంపం పెట్టి కోయడం మొదలుపెట్టారు. పెంకుల వసారా మధ్యగా, సిమెంటు బెంచీ పక్కగా, పట్టాల మీదుగా. పట్టాల దగ్గర రంపం ఆగిపోతే మేస్త్రి అన్న హాక్సా బ్లేడు అందించాడు. ఆంటీ గుమ్మంలో నిలబడి చూసింది. ఆమె ఏదైనా అంటుందని అందరమూ ఎదురుచూశాం.

రెండు కోతలు పెట్టి మధ్య ముక్కను ఎత్తారు. పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి, కింది పట్టీ మీదుగా కాలేసి సందులోంచి బయటికి వచ్చాను. రెండు కాళ్ళ మీద నడిచి గుంటలోంచి బయటికి రావడం అదే మొదటిసారి. ముఖం నిండా సిమెంటు. "కంగ్రాట్స్" అంది మేడం, చెయ్యి చాపి. ఆ చెయ్యి చూసుకుని మళ్ళీ వెనక్కి తీసుకుంది. అంకుల్ చేతిలో ఇంకా రంపం ఉంది. "వెళ్ళు, వెళ్ళు" అన్నారు. ఆయన జేబు గోరంత మనుషులతో ఉబ్బి ఉంది.

మేస్త్రి అన్న తన బైకు మీద ఎల్బీనగర్ తీసుకుపోయాడు. ఇంటి ముందు అమ్మ బ్యాగుతో నిలబడి ఉంది. నన్ను చూసి, "ఇదేం వేషం ర? నౌకరీ ఆఫీసుల కాదా?" అంది. స్నానానికి టైము లేదు. ఉప్పల్ మీదుగా పోయాం. సగం దారిలో మేస్త్రి అన్న తల తిప్పకుండానే అన్నాడు.

"నువ్వు నిజం చెప్తవని మాకేం ఎర్క ర?"

"నాకు కూడ ఎర్క లేదన్నా."

"ఇగ నుంచి నిజం చెప్పేటప్పుడు చెయ్యి లేపు."

బండి దొరికింది. పై బెర్తు మీద పడుకుంటే కప్పు ముక్కుకు తగిలేంత దగ్గరగా ఉంది. అంకుల్‌కు అది ఎందుకు మంచిదో నాకు ఇప్పటికీ తెలియదు. మర్నాడు పొద్దున సంతకం పెడుతుంటే గోళ్ళలో ఇంకా సిమెంటు ఉంది. క్లర్కు, "వెనక ఏం చేసేటోనివి?" అని అడిగాడు. "రైల్వే" అన్నాను. చెయ్యి మాత్రం లేపలేదు.

నాకిచ్చిన సీటు ఒక మూల ఉంది. రెండు బీరువాల మధ్య. ముందు ఒక సీనియర్ బల్ల. నేను లేవాలంటే ఆయన లేవాలి. ఆయన భోజనానికి తప్ప లేవడు. ఆ సీటులో కూర్చున్న మొదటిరోజే కాళ్ళు వాటంతటవే బల్ల కింద దారి వెతికాయి.

ఒక ఆదివారం కలిసేలా సెలవు పెట్టి దిల్‌సుఖ్‌నగర్ వచ్చాను. మేడ ఎక్కుతుంటేనే లోపలి నుంచి మాటలు వినబడ్డాయి. గుమ్మంలో నిలబడి చూస్తే గుంటలో అంకుల్, మేడం, మేస్త్రి అన్న, వాళ్ళ మధ్య స్టూలు మీద ఆంటీ. ఆంటీ చేతిలో టీ కప్పు. కోసిన ముక్కకు బందులు బిగించి ఎత్తే తలుపు చేశారు. స్టేషను ఇప్పుడు మూడు ముక్కలు. గొడుగాయన తలుపు ముక్క మీద నిలబడి, ఎత్తినప్పుడల్లా పడుకుంటాడు. ఇన్నేళ్ళు నేను ఒక్కణ్ణే నిలబడిన చోట నలుగురు ఇరుక్కుని హాయిగా ఉన్నారు. నా అవసరం ఎవరికీ ఉన్నట్టు లేదు. నాకు సంతోషం కలగాలి. కొంచెం కలిగింది. మిగతాది ఏమిటో చూసుకోలేదు.

అలవాటు కొద్దీ వంగి కొండ కిందికి తల పెట్టాను. కర్రలు అట్లాగే ఉన్నాయి. మూడు వారాలు దాటి ఎన్నాళ్ళో అయింది.

"ముట్టకు ర," అన్నాడు మేస్త్రి అన్న లోపలి నుంచి. "ఇంకో నెల ఉంటే గట్టిగయితది."

"తలుపు వేసెయ్యి, బండి నడిపిస్తాం," అన్నారు అంకుల్.

తలుపు దించాను. పట్టాలు కలిశాయి. గొడుగాయన లేచి నిలబడ్డాడు. తలుపు ఊగకుండా ఒక గడియ ఉంది. వేశాను. వేశాక గమనించాను. మేస్త్రి అన్న గడియను బయటి వైపు బిగించాడు, కిరాయి ఇళ్ళలో బాత్రూం తలుపుకు పెట్టినట్టు. లోపలి నుంచి చెయ్యి అందదు. బల్ల మీది నుంచి రాలేరు. కింది నుంచి ఎట్లాగూ రాలేరు. ఇన్నాళ్ళూ గడియ వేయడానికి బయట ఎవరూ లేరు కనుక ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

రైలు బయల్దేరింది. తెనాలి దాటి, వంపు తిరిగి, కొండ పక్కగా నల్లగొండ చేరింది. నలుగురూ దాని వెంటే తలలు తిప్పారు. నేను గుమ్మం దగ్గరికి నడిచి చెప్పులు వేసుకున్నాను.

"ఎక్కడికి?" అంది మేడం.

"నాకు బండి ఉన్నది మేడం," అన్నాను.

ఈసారి నలుగురూ గడియ వైపు చూసి, వెంటనే నమ్మారు.